మావాడి పసుపు జెర్సీ

సంక్రాంతికి ముందు ఇల్లు దులపడం మా ఇంట్లో మూడు రోజుల పని. అటక మీది సామాన్లు దించి, బీరువాలు ఖాళీ చేసి, ఎవరూ వేసుకోని బట్టలన్నీ ఒక కుప్ప పోస్తాను. చీరలైతే ఎవరికైనా ఇవ్వొచ్చు. మగవాళ్ల పాత బనియన్లు, టీషర్టులు మాత్రం పొయ్యిగట్టు తుడవడానికే. ఈసారి ఆ కుప్పలో మావాడి పసుపు జెర్సీ ఒకటి వేశాను. మెడ దగ్గర సాగిపోయింది, వీపు మీద అంకె సగం ఊడిపోయింది. కత్తెర పెట్టబోతుంటే వాడు పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు.

"మా, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు."

"ఆ జట్టే లేదు కదరా. ఢిల్లీకి పోయిందని నువ్వే చెప్తివి."

"జట్టు పోతే నేనూ పోవాల్నా?" అన్నాడు. జెర్సీ మడత పెట్టుకుంటా కాసేపు అక్కడే నిలబడి, "సరే మా, నువ్వే చెప్పు. ఇప్పుడు నేను ఎవరి పక్క అరవాల?" అని అడిగాడు.

ఇరవైనాలుగేళ్ల పిల్లవాడు. ఉద్యోగం చేస్తున్నాడు. ఇంత మనిషి అంత దిగులుగా అడిగితే నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు బాధేసింది. దుమ్ము దులిపే పని పక్కన పెట్టి కూర్చోలేదు కానీ, ఆ ప్రశ్న మాత్రం పండగ మూడు రోజులూ నాతోనే తిరిగింది.

మా తిరుపతిలో ఏ సందులో చూసినా క్రికెట్టే. ఫుట్‌బాల్ పిచ్చి వీడికి ఎక్కడ పట్టుకుందంటే హైదరాబాదులో. 2019లో బీటెక్‌లో చేరాడు. అదే ఏడు హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు పుట్టి, దేశంలోని పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడడం మొదలుపెట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం వాళ్ల సొంత మైదానం. నవంబరు 2న అక్కడ జరిగిన మొదటి ఆటకే హాస్టల్ పిల్లలతో కలిసి పోయాడు. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచారు. ఆ రాత్రి ఫోన్ చేసి మాట్లాడింది వాడా, స్టేడియమా అన్నట్టుంది. తర్వాత సీజన్ ముగిసేదాకా, అంటే 18 ఆటల్లో, ఇంకొక్కసారే గెలిచారు. పది జట్లలో పదో స్థానం. ఆ పది ఆఖరుదే అని నాకు అర్థమవడానికి రెండు వారాలు పట్టింది, ఎందుకంటే వాడు "టాప్ టెన్‌లో ఉన్నాం మా" అని చెప్పేవాడు.

"ఎప్పుడూ ఓడిపోయేవాళ్లని పట్టుకుని ఏడ్చేదేమిరా, గెలిచేవాళ్లని చూసుకోవచ్చు కదా" అన్నాను ఒకసారి. వాడు జవాబు చెప్పలేదు. మా అత్తగారు పక్కనుంచి, "నువ్వు మీ తమ్ముణ్ణి మార్చుకుంటివా?" అంది. మా తమ్ముడి సంగతి ఇక్కడ అనవసరం.

హైదరాబాదుకూ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం అని నేను అప్పట్లో అనుకునేదాన్ని. బిర్యానీ, ముత్యాలు, చార్మినార్ అని కదా మనకు తెలుసు. తీరా చదివితే తెలిసింది, మన దేశపు ఫుట్‌బాల్ మంచి రోజుల్ని నడిపించిన ఊరు అదేనని.

ఇక్కడ మా జిల్లా సంగతి కొంచెం చెప్పాలి. మా తాతల నాటికి పట్నం అంటే మద్రాసే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. పెళ్లి బట్టలకైనా, పెద్దాసుపత్రికైనా అటే ప్రయాణం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, హైదరాబాదు మన రాజధాని అయింది. నవంబరు 1 పోయి సరిగ్గా నెల తిరిగే రోజుకు, అంటే డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియావాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది కూడా మనవాళ్లే, కానీ చివరికి 4-1తో ఓడిపోయారు. కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. అదే యుగోస్లావియా నాలుగేళ్ల కిందట హెల్సింకీలో మనల్ని 10-1తో చిత్తు చేసింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. నాలుగేళ్లలో అంత తేడా!

మెల్‌బోర్న్ జట్టును తయారు చేసిన మనిషి మన కొత్త రాజధానివాడే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులోనూ హైదరాబాదు పిల్లలు చాలామంది ఉన్నారు. రాష్ట్రం పుట్టిన నెలకే ఇంత పెద్ద పేరు తెచ్చిన వాళ్లని మా వైపు ఎంతమంది "మనవాళ్లు" అనుకున్నారో! మా ఇంట్లో పెద్దవాళ్ల నోట ఆ పేర్లు నేనెప్పుడూ వినలేదు. నెల కిందట కలిసిన ఊరు కదా, చుట్టరికం ఇంకా కుదురుకుని ఉండదు.

రహీం 1909లో పుట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుని, అక్కడి జట్టులో ఆడాడు. తర్వాత బడి పంతులయ్యాడు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. ఆ పంతులు బుద్ధి ఆయన ఆట నేర్పడంలో కనిపిస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. మనలో కుడికాలి వాటం ఉన్నవాళ్లకు ఎడమకాలు బలహీనం కదా. ఆయన పోటీలు పెట్టి, వాటం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టేవాడు. ఇంకో రకం పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు, అందగానే తోటివాడికి ఇచ్చెయ్యాలి. రాని లెక్కనే మళ్లీ మళ్లీ ఇచ్చి చేయించే మేష్టార్లు మనకు గుర్తుంటారు కదా, అట్లా. మా ఇంట్లో ఇది నేనూ చేసి చూశాను. మావాడికి చిన్నప్పుడు గుణింతాలు రాకపోతే రోజూ అవే రాయించాను. వాడు ఇప్పటికీ తెలుగు తప్పులతోనే రాస్తాడు. అందరికీ రహీం చేతివాటం రాదు మరి.

పోలీసు జట్టు అంటే ఎవరనుకున్నారు? నిజంగా పోలీసు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలే. వీళ్లు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు పట్టుకొచ్చారు. మోహన్ బగాన్ అంటే కలకత్తాకు దేవుడితో సమానం. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956లో, 1957లో వరసగా గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకూ రహీమే గురువు.

ఇంతవరకు చదివితే అంతా పండగే. కానీ మావాడి ప్రశ్న లాంటి ప్రశ్న ఆ రోజుల్లోనూ ఉండింది. గెలుస్తున్న కొద్దీ హైదరాబాదు పిల్లలు కలకత్తాకు వెళ్లిపోవడం మొదలైంది. అక్కడ పెద్ద క్లబ్బులు, మంచి ఉద్యోగాలు, సాయంత్రమైతే వేలమంది జనం. ఇక్కడ పోలీసు జీతం. పెంచి పెద్ద చేసిన ఊరు చూస్తుండగా పిల్లలు రైలెక్కారు. వాళ్లను తప్పుపట్టాలా, వద్దా?

తులసీదాస్ బలరాం కథ చదివాక నేను తప్పుపట్టలేకపోయాను. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేదింటి తమిళ పిల్లవాడు. రహీం కంట్లో పడి, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ జట్టులోకి వచ్చాడు. మరుసటి ఏడే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. ఆ తర్వాత జబ్బు పడి ముప్ఫై ఏళ్లు నిండకుండానే ఆట మానేశాడు. మళ్లీ ఇటు వచ్చి స్థిరపడలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. బెంగాల్ ఆయన్ను తమ బిడ్డ అనుకుంది. మెట్టినింట్లో యాభై ఏళ్లు బతికిన ఆడదాన్ని పట్టుకుని "నీదే ఊరు?" అని అడిగితే ఏం చెబుతుంది? రెండూ చెబుతుంది. బలరామూ అంతే అనిపించింది నాకు. మా ఆయన మాత్రం, "ఆడవాళ్లకు పోక తప్పదు, ఆయన డబ్బుకు పోయినాడు, రెండూ ఒకటెట్లా?" అన్నాడు. అదీ ఆలోచించదగ్గ మాటే. కాకపోతే పేదింట్లో పుట్టిన పిల్లవాడికి డబ్బుకు పోవడం కూడా తప్పని ప్రయాణమే అని నా వాదన. ఆ రోజు రాత్రి రసం పోసుకునేదాకా ఇదే గొడవ.

ఇదే హైదరాబాదువాడు యూసుఫ్ ఖాన్ మాత్రం పోలీసు జట్టునే అంటిపెట్టుకున్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు రహీం తీసుకెళ్లిన జట్టులో కలకత్తాకు పోయిన బలరామూ ఉన్నాడు, పోలీసు యూసుఫ్ ఖానూ ఉన్నాడు. పోయినవాణ్ణి, ఉన్నవాణ్ణి ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు ఆ పెద్దమనిషి. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. అక్కడి జనం భారతదేశం మీద కోపంగా ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ వాళ్లను క్రీడలకు రానివ్వలేదని మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పడమే కారణం. సెప్టెంబరు 4న ఫైనల్‌లో స్టేడియం మొత్తం మనవాళ్లను ఎగతాళి చేస్తూ కేకలు పెట్టింది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం వెనక వరస నుంచి తీసి ముందు వరసలో ఆడించాడు. ఆ కుట్లతోనే అతను గోల్ కొట్టాడు. పి.కె.బెనర్జీ ఇంకొకటి. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం. పది నెలలు తిరగకుండా, 1963 జూన్ 11న రహీం పోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

రెండేళ్ల కిందట ఆయన మీద మైదాన్ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ రహీంగా, మన ప్రియమణి ఆయన భార్యగా వేశారు. సినిమాలో నాకు గుర్తుండిపోయింది ఆవిడే. ఇంటి మగవాడు ఆట అంటూ దేశాలు తిరుగుతుంటే ఇల్లు నడిపేది ఎవరో ఒకరు ఉంటారు, ఆ ఒకరిని తెర మీదైనా చూపించినందుకు సంతోషం. కొడుకు ఎస్.ఎస్.హకీమ్ కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అంటే ఆ ఇంట్లో కంగారుపడాల్సింది ఇద్దరి కోసం.

గురువు పోయాక హైదరాబాదు ఆట ఒక్కసారిగా ఆగిపోలేదు. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచారు. తర్వాత మెల్లగా, ఎప్పుడు తగ్గిందో తెలియకుండా తగ్గిపోయింది. ఇంట్లో ఒక వంటకం ఆగిపోయినట్టే ఇదీ. చేసే మనిషి ఉన్నన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత పండక్కి చేస్తారు, ఆ తర్వాత "మా అవ్వ చేసేది" అని చెప్పుకుంటారు.

అందుకే 2019లో కొత్త జట్టు వచ్చినప్పుడు పాతబస్తీ పెద్దవాళ్లకు ఎంత సంతోషం వేసి ఉంటుందో ఊహించుకోగలను. దక్కన్ లీజియన్ అని అభిమానుల బృందం ఏర్పడి, డప్పులు పట్టుకుని స్టేడియానికి వెళ్లేది. మావాడు పసుపు జెర్సీ కొన్నది అప్పుడే. కానీ చిత్రం చూడండి, కరోనా వల్ల తర్వాతి రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. జట్టు బాగుపడిందే ఆ రెండేళ్లలో. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు కోచ్ వచ్చాడు. 2021-22లో నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫైనల్. మళ్లీ అదే కేరళ. ఆట ముగియబోతుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు. మావాడు ఇంట్లోనే ఉన్నాడు ఆ రోజు, మా హాల్లో సోఫా స్ప్రింగు పోయింది కూడా ఆ రోజే. ఇంకో రెండు వారాలకు, ఏప్రిల్ 4న, చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మాది తిరుపతి జిల్లా అయింది. ఆ నెలంతా మా ఇంట్లో రెండు వార్తలే.

గెలిచిన ఆ ఏడు హైదరాబాదు అభిమాని తన ఊళ్లో ఒక్క ఆట కూడా చూడలేదు. ఓడినప్పుడు పక్కన కూర్చున్నారు, గెలిచినప్పుడు టీవీలో చూశారు.

తర్వాతి ఏడు లీగ్‌లో రెండో స్థానం. ఆ పై ఏడు, 2023-24, అంతా కూలిపోయింది. జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం, సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోవడం. మిగిలింది ఎక్కువగా కుర్ర పిల్లలు. 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, ఆఖరి స్థానం. అప్పటికి మావాడు ఉద్యోగంలో చేరాడు. శనివారం సెలవు పెట్టి మరీ పోయేవాడు. స్టేడియంలో కూర్చుంటే ఎదుటి జట్టు కోచ్ అరుపులు వినిపిస్తున్నాయి మా, అంత ఖాళీగా ఉంది అని ఒకసారి చెప్పాడు. ఎందుకు పోయావురా అంటే, "పిల్లోళ్లు ఆడతా ఉండారు, చూసేవాళ్లు లేకుంటే ఎట్లా" అన్నాడు. నాకు మావాడి మీద గౌరవం పెరిగిన రోజు అది.

2025లో జట్టు ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పేరు, ఊరు రెండూ పోయాయి.

ఇదంతా తిరగేస్తున్నప్పుడు ఒక సంగతి తెలిసి చేతిలో గరిటె ఆగింది. 2019లో హైదరాబాదుకు ఈ జట్టు ఎట్లా వచ్చింది? పూనా జట్టు మూతపడితే ఆ ఖాళీలో వచ్చింది. మావాడు గచ్చిబౌలిలో గంతులు వేస్తున్న రోజున పూనాలో వాడి ఈడు పిల్లవాడు ఎవడో తన నారింజ జెర్సీ పట్టుకుని, ఇప్పుడెవరి పక్క అరవాలని వాళ్లమ్మను అడిగే ఉంటాడు. అదే 2019లో ఢిల్లీ జట్టు భువనేశ్వర్‌కు పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఆరేళ్లు ఎదురుచూసిన ఢిల్లీ పిల్లలకు ఇప్పుడు మా జట్టు దొరికింది. ఒక ఇంటి అప్పగింతలు ఇంకో ఇంటి గృహప్రవేశం అయినట్టు. ఇది మావాడికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పూనా సంగతి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు మా" అన్నాడు.

క్రికెట్‌లోనూ ఇది చూశాం. దక్కన్ చార్జర్స్ 2008లో ఆఖరున నిలిచి, 2009లో కప్పు గెలిచి, 2012లో లేకుండా పోయింది. మా ఆయన మరుసటి ఏడు సన్‌రైజర్స్‌కు మారిపోయాడు. ఏ బాధా పడలేదు. ఊరు అదే ఉంది కదా అన్నాడు. మావాడికి ఊరే పోయింది.

పండగకొచ్చిన మా ఆడపడుచు కొడుకు ఇంకో పుల్ల వేశాడు. "అయినా 2014లోనే మనం వేరైపోతిమి కదా, తెలంగాణ జట్టు గురించి నీకేమి?" అని. మావాడికి కోపం వచ్చింది, మాట మాత్రం రాలేదు. నేనే అందుకున్నాను. మా తాత మద్రాసును పట్నం అన్నాడు, మా నాన్న హైదరాబాదును రాజధాని అన్నాడు, వీడు నాలుగేళ్లు అక్కడ అన్నం తిన్నాడు. కాగితాల మీద గీత గీసిన తేదీకి మనసులో కూడా గీత పడాలంటే ఎట్లా నాయనా? అట్లయితే మద్రాసు పోయి చీరలు కొనేవాళ్లం ఎవరూ ఉండకూడదు కదా. వాడు నవ్వి బొబ్బట్టు తీసుకున్నాడు.

హైదరాబాదులో శ్రీనిధి డెక్కన్ అని ఇంకో జట్టు ఉందట. కాలేజీలు నడిపే సంస్థవాళ్లదే. ఐ లీగ్‌లో వరసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచింది. దాన్ని చూసుకోరా అన్నాను. "చూస్తాలే మా. వెంటనే కాదు" అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు పోయిన ఏడు పండగ చెయ్యం కదా, అట్లా ఒక ఏడు ఆగుతాడేమో.

కనుమ మరుసటి రోజు నారాయణాద్రికి బయలుదేరాడు. సంచిలో అరిసెలు, ఊరగాయ సర్దుతుంటే పైన పసుపు జెర్సీ కనిపించింది. బయటికి తీసి చూస్తే చంక దగ్గర కుట్టు విడిపోయి ఉంది. పసుపు దారం లేదు, చీరల ఫాల్ కుట్టే డబ్బాలో వెతికితే దానికి దగ్గరగా నిమ్మపండు రంగుది దొరికింది. రైలుకు ఇంకా గంటన్నర టైముంది. కుట్టి, ఇస్త్రీ చేసి, అరిసెల నూనె అంటకుండా వేరే కవర్లో పెట్టాను.